గొంతు మారినా మారని రంగు



రంగులను గురించి రేడియోలో ప్రసంగించుట కొంత సాహసమే. చెవి తప్ప కన్ను అందని ఈ మాధ్యమమున నీలిమను, అరుణిమను, ధూసరచ్ఛాయను మాటలతోనే మీ ముందు నిలుపవలసి యున్నది. ఐనను, యానిమేషన్ చిత్రములలో వర్ణము కథను ఎట్లు నడిపించుచున్నదో, ఆ వర్ణమును అందరికంటె ముందుగా ఊహించి కాగితముపై నిలిపెడి చిత్రకారుని పని యెంతటిదో చెప్పుటకు కువైట్ కంటె అనువైన చోటు నాకు తోచుట లేదు. ఏలయన, నేడు ప్రపంచమంతయు గౌరవించుచున్న ఒక దర్శకుని తొలి ధారావాహిక జపానులో రంగులు పూసికొని, ఈ నగరమున అరబ్బీ గొంతు తెచ్చుకొని, గల్ఫు తీరమునందలి ఒక తరము బాలబాలికల మనస్సులలో స్థిరనివాసము ఏర్పరచుకొన్నది.

గల్ఫ్ వీధి వెంబడి నడచిన మనవారందరును కువైట్ టవర్స్‌ను చూచినవారే. 1979లో ప్రారంభమైన ఆ కట్టడమునకు రూపమిచ్చినది మలీన్ బ్యోర్న్ అను వాస్తుశిల్పి. దూరమునుండి ఆ గోళములు ఒకే నీలిరంగుగా తోచును. దగ్గరకు పోయి తలయెత్తి చూచినచో, నీలము, ఆకుపచ్చ, బూడిద వర్ణములలో ఎనిమిది ఛాయలు గల ఎనామెలు పూత ఉక్కుబిళ్లలు, దాదాపు 41,000, ఒకదాని ప్రక్కన ఒకటి అమర్చియుండుట కనబడును. మధ్యాహ్నపు టెండలో అవి ఒక తీరుగను, అస్తమయ వేళ మరియొక తీరుగను, దుమ్ము తుఫాను లేచి నగరమంతయు పాలిపోయిన పసుపులో మునిగినపుడు ఇంకొక తీరుగను ఉండును. ఆమె ఛాయలను నిర్ణయించి, వెలుతురును ప్రకృతికి వదలివేసినది. యానిమేషన్ చిత్రకారునికి ఆ వెసులుబాటు లేదు. అతడు సూర్యుని గూడ తానే పూయవలెను.

ఇది అతిశయోక్తి గాదు. నటులతో తీసెడి చిత్రమున కెమెరా ఎదుట ఆకాశమున్నచో దాని రంగు దానంతట అదియే ఫిల్ముమీద పడును. ఛాయాగ్రాహకుడు కోరని మబ్బు, అనుకోని నీడ, గోడమీది పాత మరక, అన్నియు వచ్చి చేరును. బొమ్మల చిత్రమున అనుకోకుండ వచ్చి చేరునది ఏదియు లేదు. గడ్డిపోచ పచ్చదనమును, కన్నీటి బొట్టులోని మెరుపును, చీకటిలోని నలుపు ఎంత నలుపో ఆ నలుపును ఎవరో ఒకరు కూర్చుండి నిశ్చయింపవలసినదే. కంప్యూటర్లు రాని కాలమున ఈ పని ఎట్లు జరిగెడిదో తెలిసినచో దాని బరువు మనకు తెలియును. గాజువలె స్వచ్ఛమైన పలుచని సెల్ అను రేకుమీద ముందువైపున గీత. వెనుకవైపున, గీతను దాటకుండ, చిక్కని రంగు. పాత్ర చొక్కాకు ఒక సంఖ్య, చొక్కా నీడకు ఇంకొక సంఖ్య, రాత్రి దృశ్యమున అదే చొక్కాకు వేరొక సంఖ్య. ఆ సంఖ్యల పట్టిక ప్రకారము వరుసగా కూర్చున్న స్త్రీలు కుంచెలతో పూసెడివారు. ఒకే ఫ్రేములో మూడు నాలుగు రేకులు ఒకదానిపై నొకటి పేర్చినపుడు క్రింది రేకులోని రంగు పై రేకులగుండ కొంచెము మసకగా కనబడెడిది. అందుచేత పై పొరలో ఎఱ్ఱచొక్కా బాలుడు క్రింది పొరలోనికి మారినచో అతని ఎఱుపును ఒక పాలు కాంతివంతముగా కలుపవలసి వచ్చెడిది. తెరమీద ప్రేక్షకునికి చొక్కా మారినట్లు తెలియరాదు గదా! ప్రేక్షకుడు గమనింపకుండుటకై ఇంతటి శ్రమ.

ఇట్టి పరిశ్రమలో అందరికంటె ముందు పని మొదలు పెట్టువాడు, పాత్రలకు ఇంకను మాటలు పుట్టకముందే ఒక చిన్న అట్టముక్కమీద కథ యొక్క వాతావరణమును చిత్రించి దర్శకుని ముందుంచువాడు, కాన్సెప్ట్ ఆర్టిస్టు. అతడు గీసిన ఊహాచిత్రములలో ఒక్కటి కూడ యథాతథముగా తెరమీదికి రాకపోవచ్చును. కాని ఆ చిత్రమున ఎక్కడ వెచ్చదనము, ఎక్కడ భయము, ఎక్కడ ఒంటరితనము కలుగవలెనో ఆ ముక్కలు నిర్ణయించును. ఆ దృష్టితో చూచినచో కథను తొలుత చెప్పినవాడు అతడే యని నా నమ్మకము.

ఇక మన కువైట్ కథకు వచ్చెదను. 1978లో జపాను ప్రజాప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కె ‘ఫ్యూచర్ బాయ్ కోనన్’ అను 26 భాగముల ధారావాహికను ప్రసారము చేసినది. అమెరికా రచయిత అలెగ్జాండర్ కీ వ్రాసిన నవల దానికి ఆధారము. దర్శకుడు హయావో మియజాకి, ధారావాహికను స్వయముగా నడిపించుట ఆయనకు అదియే మొదలు. కొలది సంవత్సరములకే గల్ఫు దేశముల సంయుక్త కార్యక్రమ నిర్మాణ సంస్థ, కువైట్ కేంద్రముగా పనిచేసిన ఆ సంస్థయే 1979లో ‘ఇఫ్తహ్ యా సిమ్‌సిమ్’ అను బాలల కార్యక్రమమును అరబ్బు ప్రపంచమునకు అందించినది, ఈ ధారావాహికకు అరబ్బీ సంభాషణలు కూర్చినది. కోనన్ అద్నాన్ అయినాడు; లానా లీనా అయినది; ‘అద్నాన్ వ లీనా’ అను పేరు గల్ఫు ఇండ్లలో ఇంటిపేరంతటి పరిచితమైనది. నేడు నడివయస్సుకు చేరిన ఏ కువైటీ మిత్రుని కదిపినను ఆ పేరు వినగానే ముఖము వికసించుట మీరును గమనించియుందురు.

కథాకాలము ఒక మహాయుద్ధానంతర కాలము. ఆ కథలో 2008వ సంవత్సరమున అయస్కాంత శక్తి ఆయుధములు మానవజాతిలో సగమును తుడిచిపెట్టును. ఖండములు సముద్రమున మునుగును. మిగిలిన ఒక చిన్న దీవిలో తాతతో పెరిగిన బాలుడు కోనన్. ఈ ధారావాహికకు కళాదర్శకుడు నిజో యమమొతో, నాగసాకి ప్రాంతమునందలి గొతో దీవులలో పుట్టినవాడు. ద్వీపవాసికి సముద్రపు నీలిమ ఒకటే నీలిమ గాదు. ఒడ్డున ఇసుకమీద పలుచగా సాగు నీటి రంగు, రాళ్లమధ్య చిక్కుకొన్న నీటి రంగు, లోతు మొదలైనచోట హఠాత్తుగా ముదిరిన రంగు వేర్వేరు. కోనన్ ఆ నీటిలోనికి దూకి ఊపిరి బిగబట్టి చేపను తరుముకొని పోవు దృశ్యములలో ఆ ఛాయల మార్పుచేతనే అతడెంత లోతునకు పోయినాడో మనకు తెలియుచుండును, ఎవరును చెప్పనక్కరలేదు.

ఆపై కోనన్ నేస్తమైన లీనాను ఎత్తుకొనిపోయిన వారి నగరము వచ్చును. మూలమున దాని పేరు ఇండస్ట్రియా. అరబ్బీలో అల్ ఖల్‌అ, అనగా కోట. ఆ నగరము కనబడగానే నీలము తెరనుండి వెడలిపోవును. తుప్పు, కాంక్రీటు, యంత్రపు నూనె, ఇనుప దూలములు. గోధుమ బూడిదల మధ్య ఊగిసలాడు ఆ ప్రపంచమున భూగర్భమున నివసించు జనులకు ఎండ యన్నదే అరుదు. ఆ తరువాత కొన్ని భాగములకు హై హార్బర్, అరబ్బీలో అర్ద్ అల్ అమల్, ఆశల నేల, ప్రత్యక్షమగును: పొలములు, గాలిమర, చెట్లనీడ, ఉతికి ఆరవేసిన బట్టలు. చాలసేపు బూడిదరంగులో బంధింపబడియున్న ప్రేక్షకుని కన్ను ఆ పచ్చదనమును చూచి, దాహము తీరినట్లు తెప్పరిల్లును. ఇట ఆకుపచ్చ రంగు అందము కొరకు వేయబడలేదు. స్వేచ్ఛ యనగా ఏమో, ఎట్టి జీవనమునకై ఈ పిల్లలు ప్రాణములు తెగించి పోరాడుచున్నారో దానిని నిరూపించు వాదమే అది. కోటలోని బూడిదరంగు అంత సుదీర్ఘముగా, అంత నిర్దయగా సాగియుండనిచో ఈ పచ్చ పొలము ఒక సాధారణ పల్లెదృశ్యముగా గడచిపోయెడిది.

కువైట్‌లో అరబ్బీ గొంతు నిచ్చిన నటులు సంభాషణలను మార్చినారు, పేర్లను మార్చినారు. రంగును మాత్రము ఎవరును మార్చలేదు. మార్చవలసిన అవసరమును కలుగలేదు. జపాను బాలునికి ఏ క్షణమున ఊపిరి ఆడలేదో కువైటీ బాలునికి ఆ క్షణముననే ఊపిరి ఆడలేదు. నేడు అబ్బాసియాలోనో ఫహాహీల్‌లోనో అరబ్బీ ఒక్క అక్షరము రాని మన తెలుగు పిల్లవాడు ఆ కథను చూడగూర్చున్నను, కోట ఎవరిదో, ఆశల నేల ఎవరిదో తల్లిదండ్రులను అడుగడు.

ఈ సందర్భమున మరొకటి చెప్పక తప్పదు. 1991 ప్రారంభమున ఈ దేశమున ఆరువందలకు మించిన చమురుబావులు తగులబెట్టబడినవి. చివరి బావిలోని మంటను ఆర్పునప్పటికి నవంబరు నెల వచ్చినది. పట్టపగలు దీపములు వెలిగించుకొని వాహనములు నడిపిన దినములవి. కురిసిన వాన నల్లగా కురిసినది. యుద్ధానంతర ప్రపంచపు రంగులను పదేండ్లకు ముందు తెరమీద చూచిన ఆ బాలబాలికలే, యువతీయువకులై, తమ ఇంటి డాబామీద నిలిచి దానిని కన్నులార చూడవలసి వచ్చినది. వారిలో ఎందరో ఇప్పటికిని ఆ ధారావాహికను అంత ప్రేమగా తలచుకొనుటకు చిన్ననాటి మమకార మొక్కటే కారణమని నేను అనుకొనను.

ఇప్పుడు మిమ్ము మరొక దేశమునకు, మరొక వలసజీవి యొద్దకు తీసికొనిపోవుదును. 1910లో చైనా దేశపు గ్వాంగ్‌డాంగ్ ప్రాంతమున పుట్టిన టైరస్ వాంగ్ తొమ్మిది పదేండ్ల ప్రాయమున తండ్రి వెంట అమెరికా చేరినాడు. తల్లియు, సోదరియు స్వదేశమున ఉండిపోయినారు. తల్లిని అతడు మరల చూడలేదు. తీరమున దిగగానే ఏంజెల్ ఐలండ్ అను నిర్బంధకేంద్రమున ఒంటరిగా ప్రశ్నల కెదురునిలువవలసి వచ్చినది. పెరిగి చిత్రకారుడై 1938లో డిస్నీ సంస్థలో చేరినపుడు అతనికి దొరికినది అడుగుపని: పెద్ద చిత్రకారులు గీసిన రెండు భంగిమల నడుమ వచ్చు బొమ్మలను గీయుట. అదే సమయమున ఆ సంస్థ ‘బ్యాంబీ’ అను లేడికూన కథను చిత్రముగా తీయుటకు కష్టపడుచున్నది. అంతవరకు వారు గీసిన అడవిలో ప్రతి ఆకునకు ఈనె, ప్రతి చెట్టునకు బెరడు. ఆ వివరముల రద్దీలో లేడికూన కనబడకుండ పోవుచున్నది. వాంగ్ తన యింట కూర్చుండి చిన్న చిన్న దృశ్యములను చిత్రించి తెచ్చి చూపినాడు. సోంగ్ కాలపు చైనా ప్రకృతిచిత్రములను చూచి పెరిగిన చేయి అది. చెట్టున్నచోట చెట్టు లేదు. పొగమంచులో ఒక కాండపు గుర్తు, దానివెనుక వెలుతురు, ఆ వెలుతురు పడినచోట రెండంగుళముల లేడి. అడవిని చూపుట మాని అడవిలో నిలిచినపుడు కలుగు భావమును చూపినాడు. ఆ చిత్రము దిశయే మారిపోయినది.

1942లో విడుదలయైన ఆ చిత్రమున తల్లిలేడి మరణము మనకు కనబడదు. తుపాకి చప్పుడు, ఆపై మంచు. తెల్లదనము మెల్లమెల్లగా బూడిద నీలమై, చెట్లు నీడలై, తల్లిని వెదకుచున్న పిల్ల ఒక మచ్చవలె మిగులును. మరియొక దృశ్యమున రెండు మగలేళ్లు పోరాడునపుడు సహజవర్ణములు పూర్తిగా తొలగిపోయి నల్లని దేహముల అంచులలో మాత్రము ఎఱ్ఱని, ఊదాని వెలుగులు మండుచుండును; లోకమున ఏ లేడియు ఆ రంగులో నుండదు, కోపము మాత్రము ఆ రంగులోనే యుండును. ఆ చిత్రమునకు ఇంతటి ఆత్మ నిచ్చిన వాంగ్ పేరు నామావళిలో నేపథ్యచిత్రకారులలో ఒకనిదిగా మాత్రమే పడినది. 1941లో డిస్నీ చిత్రకారులు చేసిన సమ్మె అనంతరము అతడు ఆ సంస్థలోనే లేడు. ఆ సంస్థ అతనిని గౌరవించుటకు 2001 వరకు కాలము పట్టినది. నూటయారేండ్లు బ్రదికి 2016లో కన్నుమూసినాడు. చిన్ననాడే తల్లికి దూరమైన ఒక వలసబాలుని చేతిలోనుండి ఆ మంచు కురిసినదని తెలిసిన తరువాత దానిని మునుపటివలె చూచుట నావల్ల కాలేదు.

ఈ కాలమున పెద్ద సంస్థలు కలర్ స్క్రిప్ట్ అను పద్ధతిని పాటించుచున్నవి. చిత్రమంతటిని చిన్న చిన్న చదరములుగా, మాటలు లేకుండ, కేవలము రంగు వెలుతురుల వరుసగా చిత్రించి గోడకు అంటింతురు. పిక్సార్ సంస్థలో ‘టాయ్ స్టోరీ’ నాటినుండి రాల్ఫ్ ఎగిల్‌స్టన్ పాస్టెల్ రంగులతో చేసిన పని ఈ పద్ధతికి ఖ్యాతి తెచ్చినది. 2009 నాటి ‘అప్’ చిత్రమునకు లూ రొమానో సిద్ధపరచిన వరుసను చూచినచో, భార్య యెల్లీ బ్రదికియున్నంతకాలము ఆ యింట వెలుగుచుండిన గులాబి ఊదా ఛాయ ఆమె మరణముతో అణగిపోయి, వృద్ధుని గదులు మసకబారి, బెలూన్లు ఇంటిని పైకెత్తిన క్షణమున రంగులన్నియు ఒక్కుమ్మడిగా మరల వచ్చుట కనబడును. కథ నంతటిని ఒక్కచూపులో చూడగల అవకాశము రచయితకు లేదు, గోడముందు నిలిచిన ఈ చిత్రకారునికి కలదు.

రంగు వెలుతురులతో కథ చెప్పుట మనవారికి కొత్త విద్య గాదు. ధర్మవరము చేరువనున్న నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేయువారు మేకతోలును నానబెట్టి, గీకి, వెలుతురు దూరునంత పలుచగా చేసి, రెండువైపుల రంగులద్దుదురు. ఒకవైపు మాత్రమే వేసినచో తెరవెనుక దీపము వెలిగినపుడు రంగు చాలదు. నగలు రావలసినచోట రంగు వేయరు. సన్నని రంధ్రములు పొడుతురు, దీపకాంతియే రత్నమగును. రాముని నీలము, రావణుని ఎఱుపు చీకటిలో కూర్చున్న పల్లెజనులకు మాట మొదలుగాకమునుపే కథను సగము చెప్పివేయును. ఆ గ్రామమునకు చెందిన దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ లభించినపుడు, వెలుతురును రంగుగా మలచిన ఒక పరంపరకు అది కొంత ఆలస్యముగానైనను అందిన గౌరవమని సంతోషించితిని. జర్మనీలో లోటె రైనిగెర్ 1926లో అరేబియన్ నైట్స్ కథలతో ‘ప్రిన్స్ అహ్మద్’ చిత్రమును నల్లని కత్తిరింపు బొమ్మలతో నిర్మించి, ఫిల్మునే రంగులలో ముంచి రాత్రిని నీలముగను, ఇతర దృశ్యములను వేరువేరు వన్నెలతోను చూపినది. మనకు మిగిలియున్న యానిమేషన్ పూర్తినిడివి చిత్రములలో అదియే మిక్కిలి పాతది. మన తెరవెనుక దీపమునకు, ఆమె ఫిల్మునకు బంధుత్వము దూరముది గాదు.

‘మాయాబజార్’ విషయము ఇక్కడ చెప్పుకొనదగినది. 1957 నాటి ఆ నలుపు తెలుపు చిత్రమునకు మాధవపెద్ది గోఖలే, కళాధర్ కళాదర్శకులు. గోఖలే స్వతహాగా చిత్రకారుడు. ఘటోత్కచుని ఆకారము, ఆభరణములు, మందిరములు ముందు కాగితముపై పుట్టినవి. మార్కస్ బార్ట్‌లీ కెమెరా ఆ వెన్నెల నౌకావిహారమును తెలుపు బూడిదల తారతమ్యముతోనే సాధించినది. 2010లో హైదరాబాదు సాంకేతికులు ఎంతో శ్రద్ధతో ఆ చిత్రమునకు రంగులు వేసినారు; వారి శ్రమకు నా నమస్సులు. ఐనను రంగు పడిన వెన్నెలలో ఆ పాత వెన్నెల లోతు నాకు కనబడలేదు. ఆ దృశ్యమును కల్పించినవారు బూడిదఛాయలలోనే ఆలోచించి, బూడిదఛాయలలోనే దానిని పూర్తిచేసినారు. కథతోబాటు పుట్టిన వర్ణమునకు, కథ ముగిసిన యేబదేండ్లకు వచ్చి చేరిన వర్ణమునకు గల అంతరము ఎంత నైపుణ్యము నుపయోగించినను పూడునది గాదని నా అభిప్రాయము.

కువైట్ స్వయముగా సృష్టించిన ఒక కల్పనను విడువరాదు. ఈ దేశపు మనస్తత్వశాస్త్రవేత్త నాయిఫ్ అల్ ముతవ్వ 2006లో ‘ది 99’ అను బొమ్మల కథలను ప్రారంభించినాడు. 2011లో అవి యానిమేషన్ ధారావాహికగా వెలువడినవి. 1258లో మంగోలులు బాగ్దాదును కొల్లగొట్టి గ్రంథములను టైగ్రిస్ నదిలో పడవేయగా, నీరు సిరాతో నల్లబడినదను వాడుకథ అక్కడ మూలము. గ్రంథపాలకులు ఆ నశించుచున్న జ్ఞానమును 99 రత్నములలోనికి ఇంకించి కాపాడుదురు. అనంతర కాలమున ప్రపంచపు నలుమూలల యువతీయువకులకు ఆ రత్నములు దొరకును. నల్లని నదినుండి కాంతిని వెలికితీయుట అను ఆ భావన చిత్రకారునికి దొరికిన వరము. ధారావాహిక ఆ వరమును పూర్తిగా వాడుకొన్నదని చెప్పలేను. అమెరికా వీరకథల ముదురు రంగులు, బిగువు దుస్తులు దాని స్వరూపమును చాలవరకు ఆక్రమించినవి. బెదుయిన్ స్త్రీలు నేసిన సదూ నేతలోని ఎఱుపు నలుపు తెలుపుల గాంభీర్యము కూతవేటు దూరమున, గల్ఫ్ వీధిలోని సదూ మందిరమున, వ్రేలాడుచునే యున్నది గదా!

అందుచేత, ఈ దేశమున పుట్టి పెరుగుచు, ట్యాబ్లెట్టు తెరమీద రాత్రింబవళ్లు బొమ్మలు గీయుచున్న మన తెలుగు పిల్లలతో ఒక మాట చెప్పదలచితిని. కడప జిల్లానుండియు, గోదావరి జిల్లాలనుండియు ఇండ్లలో పనికై ఇక్కడికి వచ్చిన తల్లులు వేలమంది కలరు; వారి బిడ్డలు అమ్మమ్మల యొద్ద పెరుగుచున్నారు. వారి కథ యానిమేషన్ చిత్రముగా ఇంకను రావలసియే యున్నది. దానికి సంభాషణలు వ్రాయుటకు ముందు రంగుల చదరములు గీయుడు. తల్లి జ్ఞాపకమున ఊరి రంగు ఆమె బయలుదేరిన దినమున ఎట్లున్నదో అట్లే నిలిచిపోయియుండును: రైల్వే కోడూరు మామిడితోట ముదురు పచ్చ, వాకిట ఎఱ్ఱమన్ను, బిడ్డ వేసికొన్న గౌను రంగు. ఫోను తెరమీద రాత్రిపూట కనబడు అదే బిడ్డ ముఖము నీలికాంతిలో పాలిపోయి, ఏటేటికి కొంత మారిపోవుచుండును. ఆమె పనిచేయు ఇంటిలో ట్యూబులైటు తెలుపు, చల్లని పాలరాయి, కిటికీ అవతల దుమ్ము పసుపు. ఈ మూడు వర్ణలోకములు ఒకదానిలోనికి ఒకటి ఎప్పుడు చొచ్చుకొని రావలెను? ఏండ్ల తరువాత విమానాశ్రయమున ఆమె దిగినపుడు ఎదురువచ్చిన పొడుగాటి పిల్ల ఆమె జ్ఞాపకములోని రంగులో నుండవలెనా, ఫోనులోని రంగులో నుండవలెనా, లేక ఆమె ఎన్నడును చూడని మూడవ రంగులో నుండవలెనా? ఆ చదరము గీయుటకు ముందు అట్టి తల్లి నొక్కరిని కలిసికొని, ఆమె శుక్రవారపు సెలవులో ఒక గంట ఆమెతో కూర్చుండి, ఊరు ఎట్లుండెడిదో అడుగుడు. ఆమె చెప్పిన రంగులను ఆమె ఎదుటనే కలుపుడు.